పొలంలో ఇల్లు, పక్కనే కార్ల రిపేర్ షెడ్డు కట్టుకోవాలనుకుంటే

పొలం మనదే కదా అని డైరెక్ట్‌గా ముగ్గు పోసేయకండి, తెలంగాణలో అయితే ముందు నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించడం) చేయించుకుని ఆ తర్వాత పంచాయతీ పర్మిషన్ తీసుకోవాలి, లేకపోతే రేపు హోమ్ లోన్‌కి వెళ్తే అక్కడే ఆపేస్తారు. బోరు ముందే వేయించండి, నీళ్ళు లేకుండా క్యూరింగ్ ఎలా అవుద్ది?

నల్లరేగడి నేలైతే పునాది దగ్గర కక్కుర్తి పడొద్దు. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిస్తది, గోడలూ దాంతోపాటే.

షెడ్డు ఇంటికి కాస్త ఎడంగా, గాలి ఇంటివైపు కొట్టని పక్కన వేయండి, గ్రైండర్ మోత, పెయింట్ వాసన రోజూ భరించలేరు. టూ పోస్ట్ లిఫ్ట్ (రెండు స్తంభాలతో కారుని పైకి లేపే మెషిన్) పెట్టే ఆలోచనుంటే పైకప్పు రేకులు 12 అడుగుల ఎత్తుకి పైనే ఉండాలి, ఫ్లోర్ ఎంత మందమో లిఫ్ట్ మాన్యువల్ చూసి పోయించండి, మేస్త్రీ నోటిలెక్క నమ్మొద్దు, కాంక్రీట్‌కి 28 రోజులు నిండాకే లిఫ్ట్‌ని ఫ్లోర్‌కి పట్టించే యాంకర్ బోల్టులు బిగించండి.

లిఫ్ట్ బదులు కారు కిందకి దిగి పని చేసుకునే గుంత తవ్విస్తారు చాలామంది, నాకైతే అది నచ్చదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, గుంతలోనే పేరుకుంటది, స్విచ్ దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు. తవ్విస్తే మాత్రం స్విచ్‌లూ ప్లగ్‌లూ లోపల పెట్టకండి, అడుగు నుంచి గాలి లాగే పైపు వేయించండి. కంప్రెసర్, వెల్డింగ్ ఉంటే త్రీ ఫేజ్ కరెంట్ కనెక్షన్‌కి ఇప్పుడే అప్లై చేసేయండి.