గుడ్డు కూడా తినని ఇంట్లో ప్రోటీన్ ఎట్లా?
మా అనంతపురంలో ఇంటి నిండా బుడ్డలు (వేరుశనగలు) పెట్టుకుని ప్రోటీన్ పౌడర్ డబ్బాలు కొంటాంటే బాధేస్తాది. 60 కేజీల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ కావాల. 100 గ్రాముల బుడ్డల్లో సుమారు 25, కందిపప్పు ఉలవల్లో 20 పైనే ఉంటాది, కానీ అది పచ్చివాటి లెక్క, ఉడికిస్తే నీళ్లు చేరి కప్పుకు బాగా తగ్గిపోతాది, అందుకే పలచటి చారుతో సరిపెట్టుకోకండి, పప్పు గట్టిగా చేసుకోండి.

పొద్దున ఉగ్గానిలోకి పప్పుల (పుట్నాల) పొడి ధారాళంగా వేయండి. మధ్యాన్నం రాగి సంగటిలోకి ఊరిబిండి (బుడ్డల పచ్చడి) ఒక్కటే కాదప్పా, పక్కన పప్పు కూడా ఉండాల, ఎందుకంటే రాగుల్లో బుడ్డల్లో తక్కువుండే లైసిన్ (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) పప్పులో బాగా దొరుకుతాది. ఉలవచారు కాస్తే గింజలు పారేయొద్దు, గుగ్గిళ్లు చేయండి, అసలు ప్రోటీన్ వాటిల్లోనే ఎక్కువ. రెండు పూటలా పెరుగు. బుడ్డలు గుప్పెడు చాలు, నూనె ఎక్కువ. కిడ్నీ జబ్బున్నోళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే పెంచండి.