బండ్లు రాని దారుల్లో జాగ్రత్తలు: ఆకు రాలే కాలంలో దక్షిణ ఫ్రాన్స్‌లో గ్రావెల్ సైకిల్ తొక్కేముందు

సెప్టెంబరు సగానికి వచ్చేసరికి తులూజ్ చుట్టుపక్కల ఎండ మెత్తబడుతుంది. పొద్దుతిరుగుడు చేలు నల్లబడి కోతకొస్తాయి. మట్టి, కంకర దారుల్లో తొక్కడానికి వెడల్పు టైర్లతో చేసే గ్రావెల్ సైకిల్ ఉన్నవాళ్లు ఇక ఇంట్లో కూర్చోలేరు. విమానాల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లలో నాకు తెలిసిన ముగ్గురు ఈ మధ్యే ఈ సైకిళ్లు కొన్నారు. ముగ్గురిదీ ఒకటే మాట: “బండ్లే రాని దారి కదా, ఇంకేం భయం?” బండ్లు రాని దారిలో మనుషులూ రారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు దారుల సంగతి. అందరికీ తెలిసింది కనాల్ దు మిదీ గట్టు. పియెర్ పోల్ రికే 1666లో మొదలుపెట్టించిన ఈ కాలువ 1681లో పూర్తయింది. తులూజ్ నుంచి సముద్రం దాకా 240 కిలోమీటర్లు. తులూజ్ నుంచి మొదటి 50 కిలోమీటర్లు తారు వేసిన నున్నటి బాట. అది దాటాక మట్టి, రాళ్లు, చెట్ల వేర్లు. రెండోది రిగోల్. నల్లకొండ అని పిలిచే మోంటాన్ నువార్ నుంచి పెద్ద కాలువకు నీళ్లు తెచ్చే పిల్లకాలువ ఇది. నీళ్లు మెల్లగా పారాలి కాబట్టి దాని పక్క బాట కూడా దాదాపు చదునుగా, చెట్ల నీడలో సాగుతుంది. మూడోది పాసా పాయీస్. మాజమే నుంచి బెదారియూ దాకా పాత రైలు పట్టాలు తీసేసి వేసిన 80 కిలోమీటర్ల దారి. నాకు మూడింట్లో ఇదే ఇష్టం, తిప్పలు పెట్టేదీ ఇదే.

మన దగ్గర గ్రావెల్ అంటే తారు వేసేముందు లారీలతో పోసే ఎర్రమట్టి, తెలంగాణలో మొరం అంటారు. ఇక్కడ రైలు దారుల మీద ఉండేది దంచి, తొక్కించిన రాతిపొడి. ఎండినప్పుడు తారురోడ్డంత సుఖంగా ఉంటుంది. తడిస్తే చైన్‌ను ఇసుక కాగితంలా అరగదీస్తుంది.

ఈ కాలంలో అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది వేట గురించి. ఫ్రాన్స్ దక్షిణ జిల్లాల్లో సాధారణ వేట సెప్టెంబరు రెండో ఆదివారం మొదలై ఫిబ్రవరి ఆఖరు దాకా ఉంటుంది. అడవిపందుల వేట కొన్ని చోట్ల ఆగస్టు నుంచే మొదలవుతుంది. మనకు వేట అంటే పాత కథల్లో మాట. ఇక్కడ అది శనివారం, ఆదివారం ఊళ్లో చాలామంది మగవాళ్లు చేసే పని. కుక్కలను ఒక పక్క నుంచి వదిలి పందులను తరుముతారు, తుపాకులు పట్టుకున్నవాళ్లు ఇంకో పక్క వరుసగా నిలబడి కాస్తారు. ఆ వరుస చాలాసార్లు మనం సైకిల్ తొక్కే బాట పక్కనే ఉంటుంది. గుంపు వేటలో నారింజ రంగు జాకెట్టు వేసుకోవడం, దారి పక్కన బోర్డు పెట్టడం తప్పనిసరి అని 2019లో చట్టం చేశారు. బోర్డు మీద ‘షాస్ ఆన్ కూర్’ అని ఉంటుంది, అంటే వేట జరుగుతోంది అని. ఇదంతా ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2018 అక్టోబరులో ఆల్ప్స్‌లోని లే జే దగ్గర కొండల్లో సైకిల్ తొక్కుతున్న ఒకాయన వేటగాడి తూటాకు ప్రాణం పోగొట్టుకున్నాడు.

అందుకని నలుపు, ముదురాకుపచ్చ, గోధుమ రంగు జెర్సీలు ఈ ఆరు నెలలూ బీరువాలో పెట్టేయండి. ఫ్యాషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. నారింజ లేదా మెరిసే పసుపు జాకెట్టు వేసుకోండి, బ్యాగు మీద కూడా అదే రంగు ఉండాలి, ఎందుకంటే వంగి తొక్కేటప్పుడు వీపే ఎక్కువ కనిపిస్తుంది. బోర్డు కనిపిస్తే వేగం తగ్గించి, పక్కవాళ్లతో గట్టిగా మాట్లాడుతూ, బెల్లు కొడుతూ వెళ్లండి. బూర ఊదిన శబ్దం, కుక్కల మెడ గంటలు వినిపిస్తే వేట దగ్గర్లోనే ఉన్నట్టు. వేటగాడు ఎదురైతే దిగి, “బోంజూర్” చెప్పి, ఎటు వెళ్తున్నారో చూపించి, వెళ్లొచ్చా అని అడగండి. తొంభై పాళ్లు వాళ్లే రేడియోలో మిగతావాళ్లకు చెప్పి దారి ఇస్తారు. ఆగమంటే ఆగండి. మూత్రానికి చాటు చూసుకోవాల్సి వస్తే మాత్రం పొదల్లోకి దిగొద్దు. పొద కదిలిందంటే పందేనేమో అని చూసే కళ్లు చుట్టూ ఉన్నాయని గుర్తుంచుకోండి. ఏ ఊరి అడవిలో ఏ రోజు వేట ఉంటుందో ముందే తెలుసుకోవాలంటే ఆ ఊరి మెరీకి, అంటే మన పంచాయతీ ఆఫీసులాంటిదానికి, ఫోన్ చేసి అడగొచ్చు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఎవరూ ఎత్తరు.

రెండో భయం వాన. మధ్యధరా సముద్రం వేసవంతా వేడెక్కి ఉంటుంది. ఆ తేమగాలి వచ్చి సెవెన్, ఒ-లాంగ్‌దోక్ కొండలకు తగిలిందంటే నెలల వాన కొన్ని గంటల్లో కురుస్తుంది. దీన్ని ఇక్కడ ఎపిసోడ్ సెవెనోల్ అంటారు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దీని కాలం. 2018 అక్టోబరు 15 తెల్లవారుజామున ఓద్ జిల్లాలో ఇలాంటి వానకే నదులు పొంగి పదిమందికి పైగా చనిపోయారు. కాలువ గట్టు మీదే ఉన్న ట్రెబ్ ఊరికి ఆ రాత్రి పెద్ద దెబ్బ తగిలింది.

పాసా పాయీస్‌లో కూర్నియూ ఊరికి ముందు ఫెనీయ్ అనే సొరంగం ఉంది. అక్కడి కొండకు ఒక పక్క పడిన నీళ్లు అట్లాంటిక్‌కు, ఇంకో పక్కవి మధ్యధరాకు పోతాయి. సొరంగంలోకి దూరేటప్పుడు ఎండ ఉండి, బయటికి వచ్చేసరికి నల్లటి మబ్బు పట్టి ఉండొచ్చు. కాబట్టి వాతావరణ శాఖ మెతెయో ఫ్రాన్స్ ఇచ్చే రంగుల హెచ్చరికను తార్న్, ఎరో రెండు జిల్లాలకూ చూసుకోవాలి. పసుపు ఉంటే చుట్టూ చూసుకుంటూ వెళ్లండి. ఆరెంజ్ ఉంటే సైకిల్ బయటికి తీయొద్దు. పాత రైలు దారి ఎత్తుగా ఉంటుంది కాబట్టి అది అంత తొందరగా మునగదు. మునిగేది దాన్ని వదిలి ఊళ్లోకి దిగే సందులు, వంతెన కింది దారులు. పారే నీళ్లు మోకాలి లోతున్నా సైకిల్ భుజాన పెట్టుకుని దాటే సాహసం చేయొద్దు.

తడి వేర్ల గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. రెండేళ్ల కింద కాలువ గట్టు మీద ప్లేన్ చెట్ల ఆకులు పరుపులా పరుచుకుని ఉన్నాయి. కింద వేరు ఉందని తెలియలేదు. ముందు చక్రం పక్కకు జారింది, నేను కాలువకు చేయి చాచే దూరంలో పడ్డాను. మోచేయి గీసుకుపోయింది, వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే గేర్ హ్యాంగర్ వంగింది. అప్పటి నుంచి హ్యాంగర్ ఒకటి అదనంగా సంచిలో ఉంటుంది. ఇరవై గ్రాములు ఉండని ముక్క. అది లేక ఎనిమిది కిలోమీటర్లు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను. ఈ చెట్లకు పాకే బూజు తెగులు 2006లో ఈ కాలువ మీద బయటపడింది. అప్పటి నుంచి వేలల్లో కొట్టేస్తున్నారు. ఆ పనుల వల్ల గట్టు మూసి ఉండొచ్చు, అప్పుడు పక్క రోడ్డుకు మళ్లిస్తారు, అడ్డు తాడు కిందినుంచి దూరొద్దు. ఓతాన్ అనే ఇక్కడి ఈదురుగాలి బలంగా వీచే రోజు ఎండిన కొమ్మలు విరిగి పడతాయి కూడా.

టైర్లు కనీసం 40 మిల్లీమీటర్లు, ట్యూబ్‌లెస్ అయితే మేలు. ఆకు రాలాక ట్రాక్టర్లతో కంచెలు కత్తిరిస్తారు. ఆ ముళ్లు మన తుమ్మముళ్లకు చెల్లెళ్లే. ఒ-లాంగ్‌దోక్‌లో చెస్ట్‌నట్ కాయల ముళ్ల పైతొక్కలు కూడా దారంతా రాలి ఉంటాయి.

అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది. శనివారం దాకా ఏడు గంటలకు పడ్డ చీకటి ఒక్కసారిగా ఆరుకే వచ్చేస్తుంది. ఊళ్ల బయట రాత్రి తొక్కేవాళ్లు వెలుతురు పడితే మెరిసే జాకెట్టు వేసుకోవాలని చట్టమే ఉంది. లైట్లు, బెల్లు తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే 135 యూరోల జరిమానా. సొరంగాల్లో దీపాలున్నా ముందు, వెనక లైట్లు వెలిగించుకోండి, అవి ఆరిపోయిన రోజులూ ఉంటాయి.

ఇక ప్రమాదం జరిగే ఇంకో చోటు: బండ్లు లేని దారి బండ్లున్న రోడ్డును దాటే చోటు. గంటసేపు ఎవరూ ఎదురుపడని మత్తులో ఉంటాం. గేటులాంటి అడ్డుకట్ట వస్తుంది, దాన్ని చూస్తూ తిప్పుకుంటాం, రోడ్డు చూడం. అక్కడ ఆగాల్సింది మనమే, కారు కాదు. దిగి దాటితే పోయేదేమీ లేదు.

నీళ్ల సంగతికి వస్తే మనవాళ్లకు మనసొప్పని సలహా ఒకటుంది. ఊళ్లో కొట్లన్నీ మూసి ఉంటే శ్మశానానికి వెళ్లండి. పూలకుండీలకు నీళ్లు పోయడానికి దాదాపు ప్రతి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది, చాలాచోట్ల అది ఊరి మంచినీళ్ల లైనే. నాకూ మొదట్లో చేయి ముందుకు పోలేదు, ఇంటికెళ్లి తలస్నానం చేయాలేమో అనిపించింది. ‘ఓ నోన్ పొతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం ఆ నీళ్లు తాగొద్దు. గడ్డకట్టే చలి మొదలయ్యాక ఈ కుళాయిలు కట్టేస్తారు. తిండికి సోమవారాన్ని నమ్ముకోవద్దు, పల్లెల్లో బేకరీలు ఎక్కువగా ఆ రోజే మూస్తారు. పులిహోర డబ్బా ఒకటి వెంట ఉంటే ఈ టెన్షనే ఉండదు.

లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది. మ్యాపు ముందే దింపుకుని, ఎక్కడికి వెళ్తున్నారో ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. ఆపదలో 112, మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా ఇంకో కంపెనీ టవర్ అందితే కలుస్తుంది. ఇండియా నుంచి వచ్చిన తమ్ముడో, మరదలో వెంట ఉంటే షెంగెన్ వీసాకు తీసుకున్న బీమా ఒకసారి తీసి చదవండి. కనీసం 30,000 యూరోల దాకా వైద్యం ఖర్చు ఉంటుంది కానీ, కొండల్లో సైకిల్‌కు అది వర్తిస్తుందో లేదో ఒక్కో పాలసీలో ఒక్కోలా రాసి ఉంటుంది.

తిరుగు ప్రయాణం సంగతి బయలుదేరే ముందే చూసుకోండి. తులూజ్ నుంచి మాజమేకు ప్రాంతీయ రైళ్లు బాగానే ఉంటాయి, సైకిల్‌కు చోటు మాత్రం కొద్దిగానే. బెదారియూ నుంచి రైళ్లు రోజుకు కొన్నే. టైమ్‌టేబుల్ ఫొటో తీసుకుని, ఆఖరి రైలు కాకుండా దాని ముందు రైలును లెక్కలో పెట్టుకుని పొద్దున్నే తొక్కడం మొదలుపెట్టండి.