ఏప్రిల్‌లో స్వాల్‌బార్డ్ ప్లాన్ చేస్తున్నారా? ఎలుగుబంటి సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి

యూరప్‌లో ఉంటున్న మనవాళ్ళు ఈస్టర్ సెలవులకి స్వాల్‌బార్డ్ (ఉత్తర ధ్రువం వైపు ఉన్న నార్వే దీవులు) అంటున్నారు ఈమధ్య, మంచిదే, మార్చి నుంచి మే మొదట్లో దాకా అక్కడ స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) సీజన్, వెలుతురూ ఉంటుంది మంచూ ఉంటుంది. కానీ ఎవర్ని కదిపినా పోలార్ బేర్ గురించే అడుగుతారు, గ్లవ్స్ గురించి అడిగేవాళ్ళే లేరు.

మైనస్ 20 అంటే ఓర్చుకోవచ్చులే అనిపిస్తుంది, నిలబడి ఉంటే నిజమే. అదే స్నోమొబైల్ మీద గంటకి 40 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తే ఒంటికి మైనస్ 34 లాగా తగులుతుంది. గాగుల్స్‌కీ మాస్క్‌కీ మధ్య వేలెడంత చర్మం బయటికి ఉంటుంది చూడండి, ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టడం) మొదలయ్యేది తరచుగా అక్కడే, తెల్లగా మైనంలా ఒక మచ్చ కనిపిస్తుంది, నొప్పి ఉండదు కాబట్టి మీకు తెలియదు, పక్కవాళ్ళే చెప్పాలి. అందుకే ఆగిన ప్రతిసారీ ఒకరి మొహం ఒకరు చూసుకోండి. మచ్చ కనిపిస్తే రుద్దకండి, మంచు అసలు పెట్టకండి, వెచ్చని అరచెయ్యి ఆనించి ఉంచండి చాలు. లోపల కాటన్ బనీను వద్దు, చెమట పడితే ఆరదు, ఉన్ని వేసుకోండి. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్ళూ కలిసి ఉండే మిటెన్స్ నయం. ఫోన్ లోపలి జేబులో ఉండాలి, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, పైగా అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బ్యెన్ దాటాక చాలాచోట్ల సిగ్నలే ఉండదు, కాబట్టి గైడ్ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉందా లేదా మొహమాటం లేకుండా అడిగెయ్యండి.

తర్వాత భయపడాల్సింది మంచు కొండలకి. 2015 డిసెంబర్ 19న లాంగియర్‌బ్యెన్ ఊళ్ళోనే సుక్కర్‌టోపెన్ కొండ మీంచి మంచుచరియ జారి 11 ఇళ్ళు కొట్టుకుపోయాయి, ఇద్దరు చనిపోయారు. ఊళ్ళోనే అలా అయితే లోయల్లో సంగతి చెప్పక్కర్లేదు. నిటారు వాలు కింద ఫోటోల కోసం బళ్ళు ఆపొద్దు. ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మీద గడ్డకట్టిన మంచు కూడా పైకి ఒకేలా కనిపిస్తుంది, కింద ప్రవాహం ఉన్నచోట పల్చగా ఉంటుంది, గైడ్ బండి వెళ్ళిన జాడ దాటి అటూ ఇటూ వెళ్ళడం కొరివితో తల గోక్కోవడమే.

ఇక ఎలుగుబంటి. 2025 జనవరి నుంచి రూల్ ఏంటంటే కనీసం 300 మీటర్ల దూరం ఉండాలి, మార్చి 1 నుంచి జూన్ 30 వరకు అయితే 500 మీటర్లు, అంటే మీ ట్రిప్‌కి 500. దగ్గర్లో కనిపిస్తే వెనక్కి జరగాల్సింది మీరే. ఊరు దాటితే దాన్ని బెదరగొట్టే సాధనం ఉండి తీరాలి, గైడ్‌లు ఫ్లేర్ గన్, రైఫిల్ రెండూ పెట్టుకుంటారు. 2020 ఆగస్టులో ఎయిర్‌పోర్ట్ పక్కన క్యాంప్‌సైట్‌లోనే ఒక మనిషిని చంపింది, కాబట్టి టెంట్ ఐడియాలు మానుకోండి, హాయిగా హోటల్ తీసుకోండి.

రెయిన్‌డీర్ కనిపిస్తే బండి ఆపి దాన్ని పోనివ్వండి. ఏప్రిల్‌కి చలికాలమంతా తిండి దొరక్క బక్కచిక్కి ఉంటాయి, ఆడవి చూలుతో ఉంటాయి, రీల్ కోసం పరిగెత్తిస్తే వాటికి ఉన్న కాస్త కొవ్వూ కరిగిపోతుంది. నక్క ఎంత ముద్దుగా ఉన్నా ముట్టుకోవద్దు, అక్కడి నక్కల్లో రేబీస్ ఉంది.

వీసా ఒకటి మర్చిపోయేలా ఉన్నాను. స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదు, కానీ అది షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) బయట, షెంగెన్‌లో ఉన్న నార్వే ప్రధాన భూభాగం మీదుగానే వెళ్ళి రావాలి. ఇండియా నుంచి సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా మీద వస్తే వెనక్కి వచ్చేటప్పుడు ఇరుక్కుంటారు, డబుల్ గానీ మల్టిపుల్ గానీ తీసుకోండి. రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు కూడా పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళాలి. ఇన్సూరెన్స్‌లో రెస్క్యూ ఖర్చు కవర్ అవుతుందో లేదో చదవండి, అక్కడిది చిన్న ఆసుపత్రి, సీరియస్ అయితే విమానంలో నార్వే ప్రధాన భూభాగంలోని ట్రోమ్సో తీసుకెళ్తారు.

వేసవిలో షిప్ మీద స్వాల్‌బార్డ్‌లోనే ఉన్న నీ-ఓలెసున్ అనే పరిశోధన ఊరి వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట, 2008లో మొదలైన మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి స్టేషన్ ఉన్నది అక్కడే. చుట్టూ 20 కిలోమీటర్ల మేర రేడియో సైలెన్స్, అంటే వైఫై, బ్లూటూత్ లాంటి సిగ్నల్స్ వదలకూడదు, ఫ్లైట్ మోడ్ పెట్టినా వైఫై, బ్లూటూత్ ఆన్‌లోనే ఉండిపోవచ్చు, దిగేముందు రెండూ ఆఫ్ చేసి వాచ్, ఇయర్‌బడ్స్ కూడా చూసుకోండి.