జిల్లా గణాంకాలు పటంలో ఎందుకు తప్పుతాయి: సమస్య – పరిష్కారం

ప్రభుత్వ గణాంకాలను చార్టుగానో పటంగానో మలిచి అందరికీ అందుబాటులో ఉంచాలనుకునే విలేకరులకు, విద్యార్థులకు, స్వచ్ఛంద సంస్థల వారికి నేడు పరికరాల కొరత లేదు. కేంద్రం ఓపెన్ డేటా పోర్టల్‌ను 2012లో తెరిచింది, తెలంగాణకు సొంత పోర్టల్ ఉంది, కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2024 జూన్‌లో ఈ-సాంఖ్యికి అనే గణాంకాల పోర్టల్‌ను ప్రారంభించింది. చార్టులు, పటాలు గీసే డేటారాపర్, క్యూజీఐఎస్, లీఫ్‌లెట్ వంటి వాటితో పైసా ఖర్చు లేకుండా పని మొదలుపెట్టవచ్చు. అయినా పటం తప్పుగా వస్తూనే ఉంటుంది. అప్పుడు చాలామంది పటం గీసే పరికరాన్ని అనుమానిస్తారు గానీ, లోపం తరచుగా పట్టికలో ఉంటుంది. అందులోనూ ఆ అంకె ఏ సరిహద్దుకు, ఏ సంవత్సరానికి చెందినదో రాసిపెట్టకపోవడంలో ఉంటుంది. 2014 తర్వాత సరిహద్దులు పదేపదే మారిన రెండు తెలుగు రాష్ట్రాల గణాంకాలతో పనిచేసే వారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ కనుక ఉదాహరణలన్నీ అక్కడి నుంచే తీసుకున్నాను.

సమస్య: ఒకే రాష్ట్రానికి, ఒకే జనగణనకు రెండు మొత్తాలు కనిపిస్తున్నాయి

2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభా ఎంతని వెతికితే ఒకచోట 3,51,93,978 అని, మరోచోట 3,50,03,674 అని ఉంటుంది. రెండూ సరైనవే. మొదటిది పాత పది జిల్లాలను పూర్తిగా కలిపితే వచ్చే మొత్తం. రెండోది, పోలవరం ముంపు ప్రాంతం పేరిట 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన మండలాలను తీసివేశాక మిగిలిన మొత్తం. తేడా 1,90,304. అదే తేడా ఆంధ్రప్రదేశ్ వైపు కలుస్తుంది కాబట్టి అక్కడ 4,93,86,799 కాస్తా 4,95,77,103 అవుతుంది.

సరిచూసుకోవడానికి తేలికైన దారి ఒకటి ఉంది. రెండు రాష్ట్రాల అంకెలను కూడితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తమైన 8,45,80,777 రావాలి. ఒక రాష్ట్రానికి బదిలీకి ముందటి అంకెను, రెండో రాష్ట్రానికి తర్వాతి అంకెను తీసుకుంటే ఆ 1,90,304 మంది రెండుసార్లు లెక్కలోకి వస్తారు, లేదా ఏ లెక్కలోనూ లేకుండా పోతారు. ఏ జతను వాడినా ఫరవాలేదు గానీ, ఏది వాడారో పటం కిందే రాయాలి.

సమస్య: కాలక్రమ గ్రాఫులో ఒక జిల్లా హఠాత్తుగా పడిపోతోంది, పటంలో కొన్ని జిల్లాలు ఖాళీగా మిగులుతున్నాయి

2011లో ఆదిలాబాద్ జిల్లా జనాభా 27,41,239. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి ముప్ఫై మూడయ్యాయి. పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ విడిపోగా, ఆదిలాబాద్ పేరుతో మిగిలిన జిల్లాకు 2011 లెక్కలనే కొత్త సరిహద్దులో కూడితే సుమారు 7 లక్షలే వస్తాయి. పేరు మారలేదు కాబట్టి పట్టికలో వరుసలు చక్కగా కలిసిపోతాయి, గ్రాఫు మాత్రం జిల్లా నుంచి జనమంతా వలస వెళ్లిపోయినట్టు చూపిస్తుంది. నా దృష్టిలో ఖాళీ జిల్లా కంటే ఇలా నిశ్శబ్దంగా కలిసిపోయిన వరుసే ప్రమాదకరం, ఎందుకంటే ఖాళీ కంటికి కనబడుతుంది.

వరంగల్ మరింత గడ్డు ఉదాహరణ. 2016కు ముందు వరంగల్ ఒక పెద్ద జిల్లా; ఆ తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు పేర్లు వచ్చాయి; 2021లో అర్బన్ హనుమకొండగానూ, రూరల్ వరంగల్‌గానూ మారాయి. అంటే సంవత్సరం చెప్పకుండా ‘వరంగల్ జిల్లా’ అన్న వరుస ఏ ప్రాంతానిదో ఎవరూ చెప్పలేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరైనప్పుడు కూడా తూర్పు గోదావరి, కృష్ణా, గుంటూరు వంటి పాత పేర్లు చిన్న జిల్లాలకు మిగిలాయి. దీనికి స్పెల్లింగు తేడాలు తోడవుతాయి. దగ్గరి పేర్లను వాటంతట అవే జతకట్టే సౌకర్యాన్ని వాడితే మహబూబ్‌నగర్ వివరాలు మహబూబాబాద్‌లో పడటం అరుదేమీ కాదు.

పరిష్కారం మూడు అంచెల్లో ఉంటుంది. మొదట, జతకట్టడానికి పేరును కాకుండా కోడును వాడాలి. జనగణన కోడ్లు వేరు, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ కోడ్లు వేరు కాబట్టి రెండింటికీ వేర్వేరు నిలువు వరుసలు ఉంచాలి. 2011 జనగణనలో ఆదిలాబాద్‌కు 532, హైదరాబాద్‌కు 536 అని ఉంటే ఆ అంకెలు మరో జాబితాలో వేరే జిల్లావి కావచ్చు. తర్వాత, ప్రతి వరుసలోనూ ‘సరిహద్దు సంవత్సరం’ అనే గడి చేర్చాలి. చివరగా, పాత లెక్కలను కొత్త జిల్లాల్లో చూపాలనుకుంటే జిల్లా అంకెను అంచనాగా పంచకుండా, జనగణన గ్రామస్థాయి పట్టికల నుంచి పైకి కూడుకుంటూ రావాలి. మండల స్థాయి చాలదు, ఎందుకంటే 2016లో జిల్లాలతో పాటు మండలాలూ చీలాయి. ఇది ఓపిక కావలసిన పని. ఒకసారి చేసిన తర్వాత ఆ గ్రామం–మండలం–జిల్లా జతల పట్టికను కూడా బహిరంగంగా ఉంచితే, తర్వాత వచ్చేవారికి అది పటం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

సమస్య: మనం లెక్కించిన అక్షరాస్యత అధికారిక శాతం కంటే తక్కువగా వస్తోంది

అక్షరాస్యుల సంఖ్యను మొత్తం జనాభాతో భాగించడం దీనికి కారణం. జనగణన ఏడేళ్లు, ఆపై వయసున్న వారినే లెక్కలోకి తీసుకుంటుంది కనుక మొత్తం జనాభా నుంచి 0–6 ఏళ్ల పిల్లల సంఖ్యను తీసివేసి భాగించాలి. జిల్లాల శాతాలను కూడి జిల్లాల సంఖ్యతో భాగిస్తే రాష్ట్ర శాతం రాదని కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అన్ని జిల్లాల జనాభా ఒక్కటి కాదు.

సమస్య: సీఎస్‌వీ (గడులను కామాలతో వేరుచేసిన పట్టిక) ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వస్తున్నాయి

ఫైలు అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8 సంకేతపద్ధతిలో ఉన్నా ఎక్సెల్ దానిని పాత విండోస్ సంకేతపద్ధతిలో చదివినందువల్ల ఇలా జరుగుతుంది. ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, దాని చోట నెత్తిన గీతలున్న ఐరోపా అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరుసగా కనబడతాయి. ఫైలు చెడిపోలేదు, అయితే ఆ స్థితిలో సేవ్ చేస్తే నిజంగానే చెడిపోవచ్చు. మూసివేసి, డేటా మెనూలోని ‘టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి’ అన్న దారిలో దిగుమతి చేసుకుని, ఫైలు మూలం దగ్గర 65001 యూటీఎఫ్-8ను ఎంచుకోవాలి. ఫైలును ప్రచురించే వారే ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రూపంలో సేవ్ చేసి ఇస్తే చదువరికి ఈ శ్రమ ఉండదు.

దిగుమతి చేసేటప్పుడే కోడ్ల వరుసను, వయోవర్గాల వరుసను టెక్స్ట్‌గా ప్రకటించడం మంచిది. లేకపోతే ‘5-9’ అన్న వయోవర్గం సెప్టెంబరు 5గా మారుతుంది, ముందు సున్నా ఉన్న కోడ్లు ఆ సున్నాను పోగొట్టుకుంటాయి. మొత్తం సున్నా అని వస్తే మాత్రం, అంకెల్లో మనం పెట్టుకున్న లక్షల, కోట్ల కామాల వల్ల అవి మాటలుగా నమోదై ఉండవచ్చు. ఫైలులోని అంకెల్లో కామాలు లేకుండా ఉంచి, చూపించే చోట మాత్రమే పెట్టాలి.

సమస్య: పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే వేరే అక్షరాలు వస్తున్నాయి

ఇది రెండు రకాలు. పేజీ స్కాన్ చేసిన బొమ్మ అయితే అసలు ఏమీ ఎంపిక కాదు. తెలుగును చదవగల టెస్సరాక్ట్ వంటి ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే పరికరంతో) తీయాలి. అక్షరాలు ఎంపికై, అతికించాక అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులుగా మారితే, ఆ పత్రాన్ని అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌కు ముందటి డీటీపీ ఫాంట్లతో కూర్చారన్నమాట. ఆ ఫాంటుకు సరిపడే కన్వర్టర్ కావాలి. అంకెల పట్టిక మామూలు టెక్స్ట్‌గా ఉంటే పీడీఎఫ్ పట్టికలను తీసే టాబ్యులా చాలావరకు తీసిపెడుతుంది. ఏ దారిలో తీసినా, పట్టిక చివరి మొత్తాన్ని వరుసల కూడికతో పోల్చకుండా ప్రచురించకూడదు.

సమస్య: పటమంతా ఒకే లేత రంగులో ఉంది, హైదరాబాద్ మాత్రమే ముదురుగా ఉంది

2011లో పాత పది జిల్లాల జనసాంద్రతను తీసుకుందాం. హైదరాబాద్‌లో చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైగా జనం ఉండగా, తర్వాతి స్థానంలో ఉన్న రంగారెడ్డిలో 700 పైచిలుకే. పరికరం తనంతట తాను ఈ వ్యవధిని ఐదు సమాన భాగాలు చేస్తే మిగిలిన తొమ్మిది జిల్లాలూ అట్టడుగు భాగంలోనే పడతాయి. పైగా హైదరాబాద్ విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లే కనుక ఆ ఒక్క ముదురు రంగు కూడా చుక్కలా ఉంటుంది. సమాన వ్యవధులకు బదులు ప్రతి తరగతిలో సమాన సంఖ్యలో జిల్లాలుండేలా విభజించాలి, లేదా అర్థవంతమైన హద్దులను మనమే నిర్ణయించాలి. హైదరాబాద్‌ను పక్కన పెద్దదిగా చూపాలి.

ఇందుకు భిన్నమైన తప్పు, రేట్లకు బదులు సంఖ్యలకు రంగులు వేయడం. అక్షరాస్యుల సంఖ్యకు రంగు వేసిన పటం నిజానికి జనాభా పటమే అవుతుంది. సంఖ్యలు చూపాలంటే వృత్తాలు వాడాలి. సమాచారం లేని జిల్లాను సున్నాగా చూపడం అన్నిటికన్నా అన్యాయం. దానికి రంగుల వరుసలో లేని బూడిద రంగు ఇచ్చి, సూచికలో ‘సమాచారం లేదు’ అని రాయాలి.

సమస్య: హైదరాబాద్ ఆర్కిటిక్‌లో కనిపిస్తోంది

పటాల సమాచారాన్ని రాసిపెట్టే జియోజేసన్ ఫైలులో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి. లీఫ్‌లెట్‌లో ఇచ్చేటప్పుడు క్రమం తిరగబడుతుంది. 17.4, 78.5 తారుమారైతే చార్మినార్ వెళ్లి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో నిలుస్తుంది. క్రమం మార్చితే చాలు. డీ3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో గీసినప్పుడు ఒక జిల్లా రంగు ప్రపంచమంతటా పరుచుకుంటే, ఆ జిల్లా సరిహద్దు బిందువులు డీ3 ఆశించిన దిశకు ఎదురుగా తిరుగుతున్నాయని గ్రహించి, వాటి వరుసను తిప్పాలి.

సమస్య: బొమ్మలో వత్తులు విడిపోతున్నాయి

పెద్దపల్లిలోని వత్తులు పక్కకు జారితే, బొమ్మను తయారుచేసిన పరికరానికి భారతీయ లిపులను కూర్చే సామర్థ్యం లేదని అర్థం. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ విషయంలో ఇది పాత ఫిర్యాదు. బ్రౌజర్లకు ఆ పని బాగా వచ్చు కాబట్టి, పటాన్ని ఎస్‌వీజీగా (అక్షరాలను అక్షరాలుగానే ఉంచగల బొమ్మ ఫైలుగా) ఇచ్చి అక్షరాలను బ్రౌజరుకే వదిలి, నోటో సాన్స్ తెలుగు వంటి వెబ్ ఫాంటును జతచేయాలి.

సమస్య: పటం బాగుంది గానీ దాని మీద ఎవరూ పనిచేయలేకపోతున్నారు

బొమ్మను మాత్రమే పంచి, దాని వెనుక పట్టికను ఇవ్వకపోతే ఇలాగే ఉంటుంది. ప్రతి పటం కింద సీఎస్‌వీ లంకె, మూల శాఖ పేరు, గణన సంవత్సరం, సరిహద్దు సంవత్సరం, దిగుమతి చేసుకున్న తేదీ, మనం చేసిన మార్పులు ఉండాలి. కేంద్రం 2017లో ప్రకటించిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు మూలాన్ని పేర్కొంటూ పునర్వినియోగించుకోవడానికి అనుమతిస్తుంది, అయితే అది ఆ లైసెన్సు కింద విడుదలైన వాటికే వర్తిస్తుంది. వేరే శాఖ సైటు నుంచి తీసుకున్న పీడీఎఫ్‌కు ఆ సైటు నిబంధనలు విడిగా చూడాలి. ప్రచురించిన తర్వాత అంకె సవరించవలసి వస్తే, పాత ఫైలును తొలగించకుండా తేదీతో పక్కన ఉంచి, కొత్త ఫైలుకు కొత్త పేరు ఇవ్వాలి.