ఇంట్లో అందరూ కలిసి జపమాల చెప్పుకోవాలంటే

అక్టోబర్ జపమాల (కతోలికులు పూసలు లెక్కపెడుతూ మరియమ్మని తలుచుకుని చెప్పుకునే ప్రార్థన) మాసం కదా, ఈసారైనా ఇంట్లో మొదలుపెడదాం అనుకునేవాళ్లు ముందు టైమ్ ఫిక్స్ చేసుకోండి. మేం రాత్రి అన్నాలకి ముందే కూర్చుంటాం, తిన్నాక అయితే పిల్లలు రెండో రహస్యానికే నిద్రలోకి జారుకుంటారు. రహస్యం అంటే యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టం, దాన్ని ధ్యానిస్తూ జపాలు చెబుతాం.

సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహం (మన విశ్వాసాన్ని చెప్పే ప్రార్థన), పెద్ద పూసకి పరలోక జపం (పరలోకంలోని తండ్రికి చెప్పేది), 3 చిన్న పూసలకి మంగళవార్త జపాలు (మరియమ్మకి చెప్పేవి), తర్వాత త్రిత్వ స్తోత్రం (పిత, పుత్ర, పవిత్రాత్మల స్తుతి). అక్కణ్ణుంచి 5 రహస్యాలు, ఒక్కోదానికి ఒక పరలోక జపం, 10 మంగళవార్తలు, చివర త్రిత్వ స్తోత్రం. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు. గురువారం వెలుగు రహస్యాలు, ఇవి 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చినవి.

హడావిడి మాత్రం వద్దు. ఒక్కో జపంలో ఒకరు మొదటి సగం పూర్తిగా చెప్పాకే మిగతావాళ్లు రెండో సగం అందుకోవాలి. చిన్నపిల్లలకి ఒక రహస్యం అప్పగించండి, మా చిన్నది పూస జారిపోకుండా బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంది, చూస్తే కడుపు నిండిపోతుంది. ప్రతి రహస్యానికి ముందు ఎవరో ఒకరిని తలుచుకోండి, పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లాడో, ఆస్పత్రిలో ఉన్న పక్కింటి పెద్దమ్మో. మొత్తం కుదరని రోజు ఒక్క రహస్యమైనా చెప్పండి, మానేయకండి.