‘ఈ మొక్క వైరస్‌ని చంపుతుందట’ అని వింటే ఏం అడగాలి

పోయిన చలికాలంలో మా పిన్ని ఫోన్ చేసి, "ఏమే, అతిమధురం వైరస్‌ని చంపుతుందట కదా! నువ్వు ల్యాబ్‌లో చేసిన పని అదేగా. రోజూ వేసుకోవచ్చా?" అని అడిగింది.

ఆరేళ్లు నేను చేసిన పని నిజంగా అదే. ఆకులూ వేళ్లూ ఎండబెట్టడం, పొడి కొట్టడం, సారం తీయడం, వైరస్ సోకిన కణాల మీద పోసి ఏమవుతుందో చూడడం. అయినా వెంటనే అవుననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. "చంపుతుంది పిన్నీ. కానీ ఎక్కడ చంపింది, ఎంత పోస్తే చంపింది?" అన్నాను. "తిక్క సమాధానం చెప్పకు" అంది. ఆవిడకు ఆ రోజు అరగంట పట్టి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట చూడాల్సింది, ఆ పరీక్ష ఎందులో చేశారన్నది. కంప్యూటర్‌లోనా, ప్లాస్టిక్ ప్లేటులోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ‘డాకింగ్’ అన్న మాట కనిపిస్తే, మొక్కలోని ఒక అణువు బొమ్మను వైరస్ ప్రొటీన్ బొమ్మలో ఇమిడ్చి చూశారని అర్థం. ఏది పరీక్షించాలో ఎంచుకోవడానికి అది పనికొస్తుంది, ఏది మింగాలో తేల్చుకోవడానికి కాదు. చదివి పక్కన పెట్టేయండి. ‘ఇన్ విట్రో’ అని ఉంటే ప్లేటులో పెంచిన కణాల మీద చేశారన్నమాట. మన చెవిన పడే వాటిలో ఎక్కువ భాగం ఈ రకమే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి.

ప్లేటులో వైరస్ చచ్చిందంటే, దాంతోపాటు ఇంకేం చచ్చిందో అడగండి. ఈ ప్రశ్న నేను అవమానపడి నేర్చుకున్నాను.

ల్యాబ్‌లో చేరిన మొదటి ఏడాది. 96 గుంటల ప్లేటు, అడుగున తివాచీలా పరుచుకున్న వెరో కణాలు (ఇవి కోతి కిడ్నీ నుంచి వచ్చినవి, వైరస్‌ల మీద పని చేసే దాదాపు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటాయి), పైన నేను తీసిన ముదురాకుపచ్చ సారం. మూడో రోజు పైనున్న ద్రవాన్ని ఆర్‌టీ పీసీఆర్‌లో పెడితే వైరస్ జాడే లేదు. కణాలు బతికున్నాయో లేదో చూడడానికి ఎంటీటీ అనే పరీక్ష చేస్తాం. అదొక పసుపుపచ్చ ద్రావణం. బతికున్న కణం దాన్ని ఊదా రంగులోకి మారుస్తుంది. తొందరలో గుంటలు కడగకుండానే పోసేశాను. అన్నీ చిక్కటి ఊదా! వైరస్ లేదు, కణాలు క్షేమం. ఇంటికెళ్లి అమ్మకు కూడా చెప్పేశాను.

మర్నాడు మా గైడ్ గ్రాఫులన్నీ చూసి ఒక్కటే అడిగారు: "మైక్రోస్కోపులో చూశావామ్మా?" చూడలేదు. అప్పటికప్పుడు అదే సారంతో ఇంకో ప్లేటు పెట్టి, మూడో రోజు చూస్తే కణాలన్నీ గుండ్రంగా ముడుచుకుపోయి, ప్లేటు అడుగు వదిలేసి తేలుతున్నాయి. అన్నీ శవాలే. మరి ఆ ఊదా రంగు ఎక్కడిది? ఆయన ఒక కొత్త ప్లేటు తెప్పించి, కణాలే లేని గుంటలో నా సారం, దాని మీద ఎంటీటీ వేయమన్నారు. రెండు గంటలు తిరక్కుండానే ఊదా! మొక్కల్లో ఉండే పాలీఫినాల్స్ చాలా వరకు ఆ ద్రావణాన్ని కణాల అవసరం లేకుండా నేరుగా మార్చేయగలవు. కణాలే చచ్చిపోయాక వైరస్ ఎక్కడ పుడుతుంది? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది నా పని.

అందుకని ఏ పరిశోధన గురించి చదివినా రెండు అంకెలు వెతకండి. సగం కణాలను చంపే మోతాదు ఒకటి, వైరస్‌ని సగానికి తగ్గించే మోతాదు ఇంకొకటి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. పది దాటితే ముందుకు తీసుకెళ్లాలా అని మేం ఆలోచించేవాళ్లం. రెండో మూడో వస్తే ఆ మొక్క వైరస్‌కీ మనకీ తేడా చూడడం లేదని అర్థం. మొదటి అంకె అసలు ఇవ్వకపోతే ఇక చదవక్కర్లేదు. ఇంకో మాట. ఒగరు మొక్కల్లో ఉండే టానిన్లు కనిపించిన ప్రొటీన్‌కల్లా అతుక్కుంటాయి. ప్లేటులో అవి దాదాపు ప్రతి వైరస్ మీదా పనిచేసినట్టే కనబడతాయి. ఒకే మొక్క పది రకాల వైరస్‌లను చంపుతుందని ఎవరైనా గొప్పగా చెబితే నాకు సంతోషం బదులు అనుమానం వస్తుంది.

ఇప్పుడు పిన్ని అతిమధురం. 2003లో సార్స్ వచ్చినప్పుడు, ఆ వేరులో ఉండే గ్లిసిరైజిన్‌ని సార్స్ వైరస్ మీద, వెరో కణాల్లోనే పరీక్షించి ప్రచురించారు. వైరస్‌ని సగానికి తగ్గించడానికి లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాములు పట్టింది. సగం కణాలను చంపడానికి 20,000 పోసినా చాలలేదు. భాగిస్తే 67కు పైనే. నా సారాల్లో ఒక్కటి అలా వచ్చినా పండగ చేసుకునేదాన్ని.

కానీ ఇక్కడితో ఆగకూడదు. అంత మోతాదు రక్తంలోకి చేరుతుందా? ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. మైక్రోగ్రాము పర్ మిల్లీలీటర్ అన్నా, లీటరుకు మిల్లీగ్రాము అన్నా ఒకటే. పెద్దవాళ్ల ఒంట్లో ప్లాస్మా సుమారు మూడు లీటర్లు. 300ని మూడుతో గుణిస్తే 900 మిల్లీగ్రాముల శుద్ధమైన పదార్థం ఒకే సమయంలో ప్లాస్మాలో తిరుగుతూ ఉండాలి. వేరు పొడి కాదు, అందులోంచి విడదీసిన పదార్థం. పోల్చుకోవడానికి పారాసిటమాల్ తీసుకోండి. పేగు నుంచి బాగా ఒంటపట్టే మందు అది. ఒక గ్రాము మింగితే రక్తంలో లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు కనబడుతుంది. గ్లిసిరైజిన్‌కు ఆ పాటి దారి కూడా లేదు. నోటితో తీసుకుంటే చాలా భాగాన్ని పేగులోని బ్యాక్టీరియా మధ్యలోనే విడగొట్టి ఇంకో పదార్థంగా మార్చేస్తాయి. నేనైతే లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి కావాల్సిన ఏ మొక్క పదార్థాన్నీ మింగే మందుగా ఊహించుకోను.

పోనీ ఎక్కువ మింగితే? గ్లిసిరైజిన్ నుంచి వచ్చే ఆ పదార్థం, కిడ్నీలో కార్టిసాల్ అనే హార్మోన్‌ని అదుపులో ఉంచే ఎంజైమును ఆపేస్తుంది. ఒంట్లో ఉప్పు నిలిచిపోతుంది, పొటాషియం బయటికి పోతుంది, బీపీ పెరుగుతుంది. అందుకే యూరప్‌లో గ్లిసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు దాటొద్దని సలహా ఇచ్చారు. ఈ ముక్క చెబుతుండగా నాకు గుర్తొచ్చి, "పిన్నీ, నువ్వు బీపీ బిళ్ల వేసుకుంటావు కదూ?" అన్నాను. "ఆ, ఒంట్లో నీరు లాగే బిళ్ల కూడా ఇచ్చారు" అంది. ఆ బిళ్లల్లో చాలా రకాలు కూడా పొటాషియం తగ్గించేవే. "ఇంకా మొదలుపెట్టలేదుగా?" అంటే ఫోన్‌లో కాసేపు మాట లేదు. మూడు వారాలైందట. ముందు ఆ పొడి ఆపించి, మర్నాడే రక్తపరీక్షకు పంపాను. పొటాషియం ఉండాల్సిన దానికంటే కాస్త కిందికే వచ్చింది. డాక్టర్ కనిపెట్టి చూశారు, సర్దుకుంది.

మనుషుల మీద చేసిన పరీక్షైతే నమ్మేయొచ్చా? ఒక్కటే అయితే నమ్మకండి. 1988లో నేల ఉసిరి జాతి మొక్కని హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు నెల రోజులు ఇచ్చి చూశారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. పెద్ద వైద్య పత్రికలోనే వచ్చింది. ఆ తర్వాత వేరే దేశాల్లో చేసి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొదటివాళ్లు అబద్ధం చెప్పారని కాదు. చిన్న గుంపుల్లో ఇలా జరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎంతమందికి ఇచ్చారు, పక్కన ఉత్తుత్తి మందు గుంపు ఉందా, ఇంకొకరు చేసినా అదే వచ్చిందా అని అడగండి. జలుబు, హెపటైటిస్ ఎ వల్ల వచ్చే కామెర్లు దాదాపుగా వాటంతట అవే తగ్గుతాయి. పోల్చడానికి రెండో గుంపు లేకపోతే, తగ్గే రోజున చేతిలో ఏ ఆకు ఉంటే పేరు దానికే వస్తుంది.

మొక్కల నుంచి మందులు రావా అంటే, భేషుగ్గా వస్తాయి. అయితే ఎలా వచ్చాయో చూడండి. అనాస పువ్వులోని షికిమిక్ ఆమ్లం ఫ్లూ మందు ఒసెల్టమివిర్ తయారీకి ముడిసరుకు. ఎన్నో రసాయన చర్యలు జరిగాకే అది మందవుతుంది, పువ్వు నమిలితే కాదు.  మొక్క నుంచి తీసే పోడోఫిలోటాక్సిన్, 2006లో అమెరికాలో అనుమతి వచ్చిన గ్రీన్ టీ సారపు ఆయింట్‌మెంట్, ఈ రెండూ జననాంగాల దగ్గర వైరస్ వల్ల వచ్చే పులిపిర్లకు వాడేవి. గమనించారా, రెండూ పైపూతలే! కావాల్సినంత మోతాదు కావాల్సిన చోటే రాస్తాం కాబట్టి ఇందాకటి రక్తం లెక్కతో పనే లేదు.

సారం ఎలా తీశారన్నదీ చూడాలి. చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ తెచ్చిన ఆర్టెమిసినిన్, ఒక మొక్క నుంచి తీసిన మలేరియా మందు. మలేరియా వైరస్ కాదు, పరాన్నజీవి, ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు చాలామంది. మరిగించి తీసిన సారం సరిగా పనిచేయకపోతే, 1971లో తక్కువ వేడిలో ఈథర్‌తో తీశాకే ఆవిడకు ఫలితం నిలిచింది. ల్యాబ్‌లో ఆల్కహాల్‌తోనో ఈథర్‌తోనో తీసిన సారం గురించి చదివి ఇంట్లో కషాయం కాచుకుంటే, మీరు తాగుతున్నది వేరే పదార్థం కావచ్చు.

మీరు ఇప్పటికే మందులు వాడుతుంటే లెక్క మారిపోతుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్కని హెచ్ఐవీ మందు ఇండినావిర్‌తో కలిపి ఇచ్చి చూస్తే, రక్తంలో ఆ మందు సగానికి పైగా పడిపోయిందని 2000లో తేలింది. మందులను కరిగించే ఎంజైములను అది రెచ్చగొడుతుంది. కోవిడ్‌కు ఇచ్చే నిర్మాట్రెల్విర్-రిటోనవిర్‌తో కూడా దాన్ని కలపకూడదు.

కొన్నిచోట్ల ఈ ప్రశ్నలు వేసుకునే టైమ్ కూడా ఉండదు. కుక్క కరిస్తే పసరు, ఆకు, ఏదీ వద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకాకి వెళ్లండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపుగా ఎవరూ బతకరు. చప్పి (షింగిల్స్) పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు, ఫ్లూ అయితే 48 గంటల్లోపు మందు మొదలుపెడితేనే ఫలితం బాగుంటుంది. ఆకు వేసి నాలుగు రోజులు చూద్దామనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. హెపటైటిస్ సి ఇప్పుడు చాలామందికి 8 నుంచి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది, దానికి వేరు పొడి వెతుక్కోవాల్సిన పనే లేదు.

గొంతుకు హాయిగా ఉంటుందని అప్పుడప్పుడు వేడిగా ఏదో తాగుతుంటే నేను అడ్డు చెప్పను, నేనూ తాగుతాను. రోజూ మోతాదుగా వేసుకుంటుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్టే చేత్తో పట్టుకెళ్లండి. మొక్క పేరు, ఏ భాగం, రోజుకు ఎంత, ఎన్నాళ్లుగా అన్నవి దాని మీదే పెన్నుతో రాయండి. "ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టర్ అడిగితే మా పిన్ని మూడు వారాలూ "బీపీ బిళ్లలు మాత్రమేనండీ" అనే చెప్పింది. అతిమధురం మందని ఆవిడ అనుకోలేదు.