డీజిల్ అంబాసిడర్ బ్రేక్ బూస్టర్ మార్చిన అనుభవం

మా నాన్నగారి డీజిల్ అంబాసిడర్‌లో బ్రేక్ పెడల్ బాగా గట్టిపడింది. చెన్నై ట్రాఫిక్‌లో అది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

ఇంజిన్ ఆపి, పెడల్ బిగిసేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు తియ్యకుండా స్టార్ట్ చేశాను. బూస్టర్ అంటే వాక్యూమ్‌తో (గాలి లాగేసిన ఖాళీతో) మన కాలి బలాన్ని పెంచే డబ్బా. అది బాగుంటే పెడల్ కాస్త కిందికి దిగాలి. కదల్లేదు. డీజిల్ ఇంజిన్‌లో వాక్యూమ్ దానంతటదే తగినంత పుట్టదు, వాక్యూమ్ పంపు ఒక్కటే దిక్కు. పైపు ఊడదీసి వేలు పెడితే పంపు బాగానే లాగుతోంది. పెడల్ తొక్కుడుని బ్రేక్ ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ విప్పితే దాని వెనక బ్రేక్ ఆయిల్ చెమ్మ! సీలు కారి, ఆ ఆయిల్ బూస్టర్ లోపలి రబ్బరు డయాఫ్రమ్‌ని తినేసింది.

చెన్నైలో బండ్ల విడిభాగాల బజారు పుదుపేటలో బూస్టర్ దొరికింది. “సిలిండర్ సీళ్ల కిట్ కూడా మార్చకపోతే ఇదీ పాడైపోద్దన్నా” అన్నాడు మన నెల్లూరు మెకానిక్. నూటికి నూరుపాళ్లూ నిజం.

బిగింపులో, బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే పుష్‌రాడ్ సంగతే అసలు పని. రాడ్ కొనకి మెత్తటి మైనం పెట్టి, సిలిండర్ బిగించి, మళ్లీ విప్పి చూశాం. మైనం పల్చటి పొరగా మిగలాలి. రాడ్‌కీ సిలిండర్‌కీ మధ్య అసలు ఖాళీ లేకుంటే బ్రేకులు పట్టేసి వేడెక్కుతాయి, ఎక్కువైతే పెడల్ లోతుగా పోతుంది. వాక్యూమ్ పైపులోని వన్‌వే వాల్వ్ కూడా అప్పుడే మార్చి, చివర్లో మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలుపెట్టి లైన్లలో గాలి తీసేశాం.